ఆపా మీద అరిచి సంపాదించే ర్యాంకు ఎందుకు?

ఈద్ నాడు అందరం వీడియో కాల్‌లో కలిస్తే నా భాంజీ మాత్రం రాలేదు. తలనొప్పి అని వాళ్ళమ్మతో చెప్పించింది. అది బహానా అని ఖాందాన్‌లో అందరికీ తెలుసు. అసలు కిస్సా నాలుగు రోజుల ముందు బీజీఎంఐ ఆటలో జరిగింది.

లాక్‌డౌన్‌లో పబ్జీతో మొదలైన షౌక్ మాది. 2020 సెప్టెంబరులో దాన్ని బంద్ చేశారు. 2021 జులైలో బీజీఎంఐ రాగానే మళ్ళీ కలిశాం. నలుగురి స్క్వాడ్: నేను, నా కొడుకు, కర్నూలులో ఉండే భాంజీ, విజయవాడలో ఉండే తమ్ముడి కొడుకు. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట. పేరుకే ఆట, అసలు పని గప్పాలు. అమ్మీ మోకాళ్ళ నొప్పి, ఎవరి సంబంధం ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ ఆ మైకుల్లోనే.

తర్వాత మావాడు ఏస్ ర్యాంకు ఎక్కాడు. ఇక వాడికి కాంకరర్ తప్ప ఏదీ కనబడదు. ఆ రాత్రి ఎరాంగెల్ మ్యాప్‌లో మిలిటరీ బేస్‌కు వెళ్ళే వంతెన మీద భాంజీ జీపు నడుపుతూ నలుగురినీ నీళ్ళలో పడేసింది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఈదుతుంటే ఒడ్డు మీది జట్టు ఒక్కొక్కరినీ కాల్చేసింది. పాయింట్లు పోయాయి. మావాడు మైకులో, "నీలాంటి నూబ్‌ని వెంటేసుకుంటే ఇంతే ఆపా, పోయి లూడో ఆడుకో" అన్నాడు. ఆ పిల్ల మాట్లాడకుండా లాబీలోంచి వెళ్ళిపోయింది.

ఇది చెబితే నా దోస్త్ ఒకాయన తన ఫైసలా వినిపించాడు: "ర్యాంకు ఆటలో గెలుపే ముఖ్యం భాయ్. ఆడటం రానివాళ్ళు తప్పుకోవాలి."

సగం ఒప్పుకుంటాను. 100 మంది దిగే మ్యాచ్‌లో చివరిదాకా నిలవాలంటే అరగంట మెహనత్. సీజన్ మారితే ర్యాంకు కిందికి జారుతుంది, మళ్ళీ ఎక్కాలి. ఆ ముగ్గురి వక్త్ మన చేతిలో అమానత్. నేనే ఒకసారి మ్యాచ్ మధ్యలో ఫోన్ పక్కన పెట్టి గ్యాస్ సిలిండర్ దింపించుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి స్క్వాడ్ ఖతమ్. "ఆటే కదా, అంత గుస్సా ఎందుకు" అని పైగా నవ్వాను కూడా. అది నా జ్యాదతీ.

మిగతా సగం మాత్రం ఒప్పుకోను. తప్పుకోవాల్సింది ఎవరు? ఆ స్క్వాడ్ కట్టింది మాట్లాడుకోవడానికి. ర్యాంకు తర్వాత మెహమాన్‌లా వచ్చి ఇంటి యజమాని కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఇంటివాళ్ళని లేవమంటోంది!

అసలు ఆ అంకె ఏం చెబుతుంది? చదరంగానికి అర్పాద్ ఎలో లెక్క కట్టిన రేటింగ్‌ని అమెరికా సమాఖ్య 1960లో, ఫిడే 1970లో తీసుకున్నాయి. ఇద్దరు కూర్చుంటే ఎవరు గెలిచే అవకాశం ఎక్కువో అంచనా వేయడం దాని పని. ఎవరి ఇజ్జత్ ఎంతో అది కొలవదు. లీచెస్‌లో ఆట మొదలెట్టే ముందే రేటెడా, క్యాజువలా అని ఎంచుకోవచ్చు. మన ఆటలోనూ టీమ్ డెత్‌మ్యాచ్ ఉంది. నలుగురికి నలుగురు, ముందు 40 కిల్స్ చేసినవాళ్ళది గెలుపు, చచ్చినా మళ్ళీ లేచి ఆడొచ్చు. దారులు ఉన్నాయి. "ఈ రాత్రి ఎందుకు ఆడుతున్నాం?" అని మనమే ఒకరినొకరు అడగం.

మా గల్లీ ఆటల్లో చిన్నపిల్లల్ని అరటిపండు అని కలుపుకునేవాళ్ళం, అవుటైనా లెక్కలేదు. భాంజీతో అదే అన్నాను. కోపమొచ్చింది. "నేను అరటిపండును కాదు మామూ. నాకు గెలవాలనే ఉంటుంది. తిట్లు తిని గెలవాలని లేదు, అంతే." నాకు జవాబు లేకపోయింది.

ఫోన్ లాక్కోవడమే ఇలాజ్ అనే అబ్బాలకు ఒక మాట. 18 ఏళ్ళలోపు పిల్లలకు ఈ ఆటే రోజుకు 3 గంటల హద్దు పెట్టింది. ఆపాని బేఇజ్జత్ చేయడానికి మావాడికి అర నిమిషం సరిపోయింది.

వాడినొక్కడినే అనడం కూడా న్యాయం కాదు. రోజూ దస్తర్‌ఖాన్ దగ్గర "ఏ ర్యాంకొచ్చింది బేటా?" అని అడిగింది నేను. "ఆపాతో మాట్లాడావా?" అని ఒక్కరోజూ అడగలేదు. ఏస్ వచ్చిన రోజు ఆ స్క్రీన్‌షాట్‌ని ఖాందాన్ గ్రూపులో పెట్టిందీ నేనే.

ఇప్పుడు మాకో షర్త్ ఉంది. ర్యాంక్ పుష్ చేయాలంటే వాడు తన దోస్తులతో, ముందే టైము చెప్పుకుని. ఆ మ్యాచ్‌లో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ వాడికి పని చెప్పరు, నేనూ చెప్పను. ఆదివారం రాత్రి మా నలుగురిది, అప్పుడు ర్యాంకు మాటెత్తకూడదు. "వాళ్ళతో ఆడితే నా ఏమ్ పాడవుతుంది అబ్బా" అని రెండు రోజులు సణిగాడు. మూడోరోజు ఆపాకి ఫోన్ చేసి మాఫీ అడిగాడు. సగం నా భయంతోనే కావచ్చు.

ఆ పిల్ల నిన్న వాయిస్ మెసేజ్ పెట్టింది. ఈ ఆదివారం వస్తుందట. జీపు మాత్రం తనే నడుపుతుందట.