మత్తున చిక్కిన ఆటగానియెడ క్లబ్బుల ధర్మము

ఇంగ్లండు, ఇటలీ దేశముల ఫుట్‌బాల్‌ను చిరకాలముగ అనుసరించుచు, ఆ ఆటను గూర్చి తమలో తాము తెలుగున వాదులాడుకొను అభిమానులము కొందఱము కూడి ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము. మేము క్లబ్బుల యజమానులము కాము, వైద్యులము కాము, న్యాయవాదులమును కాము; గోలు పడినపుడు ఆటగాని పేరు బిగ్గఱగ పలికి, అతడే యొకనాడు మాదకద్రవ్యము సేవించి పట్టుబడెనని పత్రికలలో చదివినపుడు అదే కంఠముతో అతనిని తూలనాడుటకు వెనుదీయని ప్రేక్షకజాతికి చెందినవారము. ఆ జాతి చాపల్యమును లోనుండి యెఱిగినవారము గనుకనే, క్లబ్బులు ఇట్టి నిర్ణయములను మా కేకలకును పత్రికల శీర్షికలకును వదలివేయక, ఎవరిమీదను కోపము లేని ప్రశాంతసమయమున ముందుగనే వ్రాసికొని యుండవలెనని కోరుచున్నాము.

మొట్టమొదట ఒక భేదమును గుర్తింపవలసి యున్నది. ప్రత్యర్థికంటె వేగముగ పరుగెత్తుటకును, అలసట తెలియకుండుటకును ఔషధముల నాశ్రయించువాడు ఆటనే వంచించుచున్నాడు. వానికి తగిన శిక్షలు తగినచోట వ్రాయబడియే యున్నవి, వాని ప్రసంగము మాకిచట అక్కఱలేదు. ఆట ముగిసిన పిదప ఏ విందులోనో, ఏ ఒంటరి గదిలోనో కొకెయిన్ పీల్చినవాడును గంజాయి త్రాగినవాడును చెఱచుకొనునది తన దేహమును, తన గృహశాంతిని, తన వృత్తిని. ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ సైతము ఈ భేదమును, ఆలస్యముగనైనను, అంగీకరించినది. 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన దాని నియమావళి కొకెయిన్, హెరాయిన్, ఎక్‌స్టసీ, గంజాయిలోని మత్తుపదార్థము అను నాలుగింటిని ప్రత్యేకవర్గముగ గణించినది. వానిని పోటీవేళకు వెలుపల, ఆటలో లాభము పొందు ఉద్దేశము లేక సేవించితినని ఋజువుపఱచుకొన్న క్రీడాకారునికి మూడు నెలల నిషేధమును, ఆమోదింపబడిన చికిత్సను పూర్తిచేసికొన్నచో ఒక్క నెల నిషేధమును మాత్రమే విధించుచున్నది. ఇట్లు అంతర్జాతీయ సంస్థ చికిత్సకు త్రోవ తెఱచినను, ఆటగానికి జీతమిచ్చు క్లబ్బు మాత్రము తన ఒడంబడికలోని ఘోర దుష్ప్రవర్తన అను ఒక్క నిబంధనను పట్టుకొని, ఆ నెల ముగియకమునుపే అతనిని వీధిపాలు చేయవచ్చును. మా ప్రణాళిక యంతయు ఈ వైపరీత్యమును గూర్చినదే.

ఈ అధికారము ఎంతదూరము పోగలదో తెలియుటకు ఆద్రియన్ ముటు చరిత్రము చాలును. రుమేనియా దేశీయుడగు ఈ ఆటగానిని చెల్సీ క్లబ్బు 2003లో పార్మా నుండి సుమారు 1 కోటి 58 లక్షల పౌండ్లకు కొనెను. మఱుసటి యేట అతడు కొకెయిన్ సేవించినట్లు పరీక్షలో తేలగా, ఆ అక్టోబరులోనే క్లబ్బు అతనిని తొలగించెను. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘము ఏడు నెలల నిషేధమును, 20 వేల పౌండ్ల జరిమానాను విధించెను. స్వదేశము తరఫున ఆడు విషయమై మేనేజరు జోసే మొరీన్యోతో అతనికి అప్పటికే బహిరంగముగ మాటపట్టింపు వచ్చియుండెనన్న సంగతి ఇచట మఱవరానిది. అంతటితో నిలువక, అంగడిలో కొన్న సరకు పుచ్చిపోయినదని బేరగాడు తగవునకు వచ్చినట్లు, క్లబ్బు నష్టపరిహారమునకై వ్యాజ్యెమునకు దిగెను. 2008లో ఫీఫా వివాద పరిష్కార మండలి అతడు క్లబ్బునకు 1 కోటి 71 లక్షల యూరోలకు పైబడిన మొత్తమును చెల్లింపవలెనని నిర్ణయించెను. 2009లో లోజాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానమును, 2010లో స్విట్జర్లాండు సర్వోన్నత న్యాయస్థానమును, తుదకు 2018లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమును ఒకదాని వెంట నొకటి అతని మొఱను త్రోసిపుచ్చినవి. చట్టము క్లబ్బు పక్షముననే యున్నదని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. చట్టము ఇచ్చిన అధికారమునంతను చెలాయించి తీరవలెనా యని మాత్రమే మేమడుగుచున్నాము. ముటు ఋషి కాడు. 2010లో ఫియొరెంటినాకు ఆడుచుండగ, ఆకలి నణచు సైబుట్రమిన్ అను మందు విషయమున అతడు మరల చిక్కి తొమ్మిది నెలల నిషేధము పొందెను. ఇది మా వాదమునకు ప్రతికూలమని కొందఱందురు. కోట్ల దండుగ సైతము మనుష్యుని జాగరూకునిగ చేయలేకపోయినదని మేమందుము.

ముటు తొలగింపునకు పదేండ్లు పూర్వమే, అదే లండను నగరమున, మఱియొక మార్గము కానవచ్చినది. 1994 నవంబరులో ఆర్సెనల్ ఆటగాడు పాల్ మెర్సన్ తాను కొకెయిన్‌కును మద్యమునకును జూదమునకును దాసుడనైతినని వెల్లడింపగా, అతనిని వెలివేయుటకు మాఱుగ చికిత్సకు పంపిరి. 1995 ఫిబ్రవరిలో అతడు ఆర్సెనల్ పక్షముననే మరల మైదానమున నిలిచెను. 1998 ప్రపంచకప్పున ఇంగ్లండు జట్టులో ఆడెను. అతని వ్యసనములు ఆనాటితో సమూలముగ నశింపలేదు, ఆ సంగతిని తానే పలుమాఱులు చెప్పుకొన్నాడు. అయినను అతని జీవితము మైదానమున సాగినది, వీధిలో కాదు. 2015లో హల్ సిటీ ఆటగాడు జేక్ లివర్‌మోర్ కొకెయిన్ పరీక్షలో చిక్కినపుడు, అంతకు ముందటి యేట పుట్టీపుట్టని తన బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖమున అతడుండెనని విచారణలో తెలియవచ్చెను. ఫుట్‌బాల్ సంఘము ఆ విశేష పరిస్థితిని గమనించి అతనికి అదనపు నిషేధమేమియు విధింపలేదు. క్లబ్బు అతనిని విడువలేదు. 2017లో అతడు మరల ఇంగ్లండు జట్టు చొక్కా తొడిగెను. శోకమును కొకెయిన్‌తో అణచుకొనుట మంచిదని మేమనము. అడుగువారు లేనిచో ఆ శోకము ఏనాటికిని తెలియకుండెడిది కదా.

కావున మా మూలసూత్రమిది: మత్తునకు లోనైన ఆటగానియెడ క్లబ్బు నడవడి, సంతలో ఆ ఆటగాని వెలనుబట్టి మాఱరాదు. అధికమూల్యము గలవానికి ఏకాంత చికిత్సాలయము, పదునెనిమిదేండ్ల రిజర్వు కుఱ్ఱవానికి తొలగింపు ఉత్తరువు, మేనేజరుతో పొసగనివానికి వ్యాజ్యెము అను మూడు తూనికలు మాకు సమ్మతములు కావు. తొలగింపు వలన కలుగునదేమో చూడుడు: చెల్సీయే 2003 జనవరిలో గోల్‌కీపరు మార్క్ బాస్నిచ్‌ను, కొకెయిన్ పరీక్షలో చిక్కిన కారణమున, తొలగించెను; ఉద్యోగము పోయిన తరువాతి యేండ్లలో తాను ఆ వ్యసనమున నిండ మునిగిన వృత్తాంతమును అతడే చెప్పియున్నాడు.

మొదటిమాఱు పట్టుబడిన ఏ ఆటగానిని ఆ కారణమున మాత్రమే తొలగింపరాదు. రెండవ నమూనా పరీక్షయు, విచారణయు ముగియువఱకు క్లబ్బు నోరు మెదపరాదు. ఏలయన, పెరూ జట్టు నాయకుడు పావొలో గెర్రేరో 2017లో కొకెయిన్ జాడలతో చిక్కినపుడు, అది తాను త్రాగిన తేనీటినుండి వచ్చినదని వాదించెను. అతని నిషేధము ఒక యేడాదినుండి ఆఱు నెలలకు తగ్గి, అటుపై పదునాలుగు నెలలకు పెరిగి, తుదకు స్విస్ న్యాయస్థానము నిలుపుదలచేసినందున అతడు 2018 ప్రపంచకప్పున ఆడగలిగెను. అతని పక్షమున ఫీఫాకు వ్రాసినవారు అతని ప్రత్యర్థి జట్ల నాయకులే! వారికి గల ఔదార్యము అతనికి జీతమిచ్చువారికి లేకున్న సిగ్గుచేటు. చికిత్స చేయు వైద్యుడు క్లబ్బు మేనేజరునకు లోబడినవాడు కారాదు. అతనితో ఆటగాడు చెప్పుకొన్న మాట, శనివారమునాటి జట్టు ఎంపికలో ఆయుధము కారాదు. నిషేధకాలమున ఇంటిఖర్చునకు చాలునంత జీతము నడువవలెను. సాధన మైదానపు ద్వారము, నియమావళి అనుమతించిన మేరకు, తెఱచియే యుండవలెను. కూటమినుండి వేఱుపడినవానిని మత్తు మఱింత సులభముగ మ్రింగును.

అంతకంటె ముఖ్యమైనది, పరీక్షకు ముందు దినముల సంగతి. డియేగో మారడోనా నాపోలి క్లబ్బునకు 1987లోను 1990లోను ఇటలీ విజేతృత్వమును సంపాదించి పెట్టెను. 1991 మార్చి 17న బారీతో జరిగిన ఆట పిదపనే అతని కొకెయిన్ వ్యసనము పరీక్షకు చిక్కి, పదునైదు నెలల నిషేధము పడెను. అది బార్సిలోనాలో ఉన్ననాడే ఆరంభమైనదని అతడే తరువాత వ్రాసెను. రోగము ఏండ్లనాటిది, పరీక్ష ఒకనాటిది. తానై వచ్చి వైద్యుని ఎదుట నోరు విప్పిన ఆటగానికి శిక్షయే యుండదని క్లబ్బులు లిఖితపూర్వకముగ మాట ఇచ్చిననే ఈ అంతరము తగ్గును. నిద్రమాత్రలకు అలవాటుపడి, పరీక్షలు పట్టుకొనకున్నను తానుగ చికిత్సకు పోయి, 2023లో ఆ సంగతిని లోకమునకు చెప్పిన డెలే ఆలీకి ఎవర్టన్ క్లబ్బు అండగ నిలిచినది. ఆ పద్ధతి అన్ని క్లబ్బులకును విధి కావలెను.

మఱియొక మాట, కొంచెము చేదుగ నుండును. లివర్‌పూల్ చొక్కాలపై 1992 మొదలు 2010 వఱకు కార్ల్స్‌బెర్గ్ బీరు పేరు వెలసెను. నేటికిని పెక్కు క్లబ్బులు జూదపు సంస్థల సొమ్ముతో జీవించుచున్నవి. ఆ చొక్కా తొడిగించి, మత్తును గూర్చి ధర్మోపన్యాసము చేయునపుడు కంఠస్వరము కొంత తగ్గించుకొనుట మర్యాద.

ఆటగానికి బాధ్యత లేదని మా భావము కాదు. చికిత్సను నిరాకరించువానిని, మధ్యలో విడిచి పోవువానిని, మత్తులో మైదానమునకో వాహనమునకో వచ్చి పరుల ప్రాణములకు హాని తలపెట్టువానిని, తోటి ఆటగాండ్రకు మాదకద్రవ్యములు అందించువానిని క్లబ్బు తొలగించినచో మేము అడ్డుపడము. చికిత్స పొంది మరల జాఱినవాని విషయమున మాలో ఏకాభిప్రాయము కుదురలేదు. రెండవమాఱు కూడ వైద్యమే యని అధికసంఖ్యాకులు, ఒడంబడికను నిలుపుదల చేయవలెనని తక్కినవారు పలికిరి. ఈ భేదమును దాచుట మాకు ఇష్టము లేదు. నష్టపరిహారమునకై వ్యసనపరునిపై వ్యాజ్యెమాడుట మాత్రము ఎన్నటికిని కూడదని అందఱమును ఒప్పుకొంటిమి.

మాకై మేము విధించుకొన్న నియమము ఒకటి కలదు: చికిత్సనుండి తిరిగివచ్చిన ఆటగానిని, అతడు ప్రత్యర్థిపక్షమువాడైనను, ఆ విషయమై ఎగతాళిచేయు పాటలను మేము పాడము, పాడువారి ప్రక్కన కూర్చుండము. ఈ షరతులను ఇంగ్లీషున వ్రాసి, వేసవిలో కొత్త ఒడంబడికలు కుదుర్చుకొనుటకు ముందు మేమనుసరించు క్లబ్బులన్నిటికి పంపుదుము. అంగీకరించిన క్లబ్బుల పేర్లను, మౌనము వహించిన క్లబ్బుల పేర్లను ఒకే పుటలో ప్రకటింతుము.