బొమ్మ కొంటున్నామా... తిండి కొంటున్నామా?

కిరాణా కొట్టు ముందు రంగురంగుల ప్యాకెట్లు దండల్లా వేలాడదీస్తారు కదా, అవి ఏ ఎత్తులో ఉంటాయో ఎప్పుడైనా గమనించారా? మన కంటికి ఎదురుగా కాదు, మన చెయ్యి పట్టుకుని నడిచే అయిదేళ్లవాడి కంటికి ఎదురుగా. సూపర్ మార్కెట్‌కి వెళితే బిల్లు కౌంటరు పక్కన చాక్లెట్లూ, లాలీపాప్‌లూ, లోపల బొమ్మ దాచిన గుడ్లూ సరిగ్గా అదే ఎత్తులో పేర్చి ఉంటాయి. పిల్లలు పొద్దస్తమానం టీవీలోనో సెల్‌ఫోన్‌లోనో చూసే బొమ్మల కథల హీరోలు వాటి మీద నవ్వుతూ నిలబడి ఉంటారు. ఇంకేముంది! వాడు కావాలంటాడు, మీరు వద్దంటారు. వాడు నేలమీద పడి దొర్లుతాడు. వెనక వరసలో నించున్న పెద్దమనిషి "ఈ కాలం తల్లులకు పిల్లల్ని పెంచడం చేతకాదు" అన్నట్టు ఓ చూపు చూస్తాడు.

ఆ చూపు గురించే ఈ నాలుగు మాటలు. పెంపకం సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు ఆ ప్యాకెట్ మీదికి ఆ బొమ్మ ఎందుకొచ్చిందో, ఎవరి కోసం వచ్చిందో అడగాలి కదా?

ఇది నిన్నామొన్నా మొదలైన తంతు కాదు. మనలో నలభై, యాభై దాటినవాళ్లకు ఫాంటమ్ స్వీట్ సిగరెట్లు గుర్తుండే ఉంటాయి. కామిక్ కథల్లోని ముసుగు వీరుడి పేరుతో అమ్మిన తెల్లటి చక్కెర పుల్లలవి, చివర ఎర్రరంగు. రెండు వేళ్ల మధ్య పెట్టుకుని పొగ వదిలినట్టు నటించడమే అందులో సరదా. అడవిలో దుష్టుల్ని శిక్షించే వీరుడికీ సిగరెట్టుకూ ఏం సంబంధమని అప్పుడు ఎవరూ అడగలేదు. అదే కొట్లో, అదే పైసలకు నిమ్మతొనలూ జీళ్లూ దొరికేవి. కానీ నిమ్మతొనకు మొహం లేదు, పేరు లేదు, కథ లేదు. పుల్లగా తియ్యగా ఉందనే కొనుక్కున్నాం, చప్పరించాం, మర్చిపోయాం.

ఈ వ్యాపారం అసలు రూపం చూడాలంటే మాత్రం జపాన్ సంగతి తెలుసుకోవాలి. 1971లో అక్కడ 'కామెన్ రైడర్' అనే టీవీ సీరియల్ మొదలైంది. మిడత మొహం లాంటి ముసుగు వేసుకుని మోటార్ సైకిల్ మీద వచ్చే వీరుడి కథ. పిల్లలు దానికి అతుక్కుపోయారు. అదే ఏడాది కాల్బీ అనే కంపెనీ ఆ వీరుడి పేరుతో ఇరవై యెన్‌లకు ఓ చిరుతిండి ప్యాకెట్ తెచ్చింది. ప్యాకెట్‌తో పాటు ఓ బొమ్మ కార్డు. పిల్లలు కార్డుల కోసం ఎగబడ్డారు. ఒక్కోసారి పది ప్యాకెట్లు కొని, కార్డులు జేబులో వేసుకుని, తిండి తీసుకెళ్లి కాలవల్లో పారేశారు. గిన్నెలో ఒక్క మెతుకు మిగల్చడం కూడా తప్పని నేర్పే దేశంలో! పత్రికలు రాశాయి, తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. ఏం లాభం? 1985లో లోట్టే కంపెనీ వాళ్ల 'బిక్కురిమాన్' వేఫర్ చాక్లెట్‌లో దేవతలూ రాక్షసులూ ఉన్న స్టిక్కర్లు పెడితే మళ్లీ అదే కథ. కొన్ని స్టిక్కర్లు అరుదుగా మాత్రమే దొరికేలా ఏర్పాటు చేశారు. ఆ మెరిసే స్టిక్కరు దొరికేదాకా పిల్లలు కొంటూనే ఉన్నారు, వేఫర్ పారేస్తూనే ఉన్నారు. పిల్లల చేత లాటరీ ఆడించినట్టే కదా! చివరికి 1988లో అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ కల్పించుకోవలసి వచ్చింది.

పోనీ, అది పాతకాలం అనుకుందామా? 2025 ఆగస్టులో జపాన్‌లోనే మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనంతో పాటు పోకెమాన్ కార్డులు ఇస్తామంది. ఈసారి ఎగబడింది పిల్లలు కూడా కాదు, ఆ కార్డుల్ని ఎక్కువ ధరకు తిరిగి అమ్ముకునే పెద్దవాళ్లు. డజన్ల కొద్దీ కొని, కార్డులు తీసుకుని, వేడివేడి తిండి దుకాణాల బయట వదిలేసి పోయారు. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. యాభై నాలుగేళ్ల తర్వాత కూడా అదే దృశ్యం. అన్నం పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకునే మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది. అసలు సరుకు బొమ్మ. తిండి దాన్ని చుట్టే కాగితం. మరి కాగితం నాణ్యంగా ఉండాలని ఏ వ్యాపారి పట్టుబడతాడు చెప్పండి?

"బొమ్మ ఉన్నంత మాత్రాన రుచి మారుతుందా?" అంటారేమో. మారుతుందట! అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ఓ అధ్యయనం ప్రచురించారు. నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య ఉన్న నలభై మంది పిల్లలకు ఒకే తిండిని రెండు ప్యాకెట్లలో ఇచ్చారు. ఒకదాని మీద డోరా, ష్రెక్, స్కూబీ-డూ లాంటి బొమ్మ అతికించారు, రెండోదాని మీద ఏమీ లేదు. లోపల సరుకు ఒక్కటే. అయినా బొమ్మ ఉన్న ప్యాకెట్‌లోదే బాగుందన్నారు చాలామంది పిల్లలు. వాళ్లేం అబద్ధం చెప్పలేదు. వాళ్ల నాలుకకు నిజంగానే అలా అనిపించింది. ఇందులో ఇంకో విశేషం ఉంది. బిస్కట్ల విషయంలో, జెల్లీ మిఠాయిల విషయంలో పనిచేసినంతగా ఈ బొమ్మల మంత్రం క్యారెట్ ముక్కల దగ్గర పనిచేయలేదు. 2013లో అమెరికాలో 'సెసమీ స్ట్రీట్' వాళ్లు తమ ఎల్మో బొమ్మను పళ్లూ కూరగాయలూ అమ్మేవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. మంచి పనే. కానీ అరటిపండు మీద ఎల్మో స్టిక్కర్ ఒంటరిగా ఏం చేస్తుంది, చుట్టూ వంద చాక్లెట్ల మీద వంద మంది హీరోలు నించుని పిలుస్తుంటే?

ఇంతకీ మనదగ్గర పిల్లలందరికీ ఇష్టుడైన ఛోటా భీమ్ పుట్టింది మన హైదరాబాదులోనే. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ తయారుచేసిన ఆ బుడతడు 2008లో పోగో చానెల్‌లో వచ్చాడు. దేశమంతా చుట్టేశాడు. బడి సంచీ మీద వాడే, పుట్టినరోజు కేకు మీద వాడే. మనవాళ్ల తెలివికి గర్వపడాల్సిందే. ఆ కథలో నాకు నచ్చే సంగతి ఒకటుంది. భీముడికి బలం వచ్చేది ప్యాకెట్ తింటే కాదు, టున్‌టున్ చేసిన లడ్డూ తింటే. కథలో లడ్డూ చేసేది ఓ ఆడమనిషి, తన చేతులతో. కథ బయటికొచ్చాక ఇలాంటి బొమ్మలకు ఏ మిఠాయి ఎంత డబ్బిస్తే అంతగా అంటుకునే గుణం వస్తుంది. దీని మీద మాట నిలబెట్టుకోవడం పెద్దపెద్దవాళ్లకే కష్టమైంది. డిస్నీ సంస్థ 2006లో మెక్‌డొనాల్డ్స్‌తో పదేళ్ల ఒప్పందాన్ని పొడిగించకుండా వదిలేసింది. పిల్లల ఆరోగ్యం కోసమేనని అందరూ మెచ్చుకున్నారు. 2018లో మళ్లీ చేతులు కలిపారు.

ప్యాకెట్‌లో పడేసే చిన్న చిన్న ప్లాస్టిక్ బొమ్మల సంగతి సరేసరి. 2017లో మన ఏలూరులో ఓ చిన్నారి చిప్స్ ప్యాకెట్‌తో వచ్చిన బొమ్మను మింగి ప్రాణం పోగొట్టుకున్నాడు. అమెరికాలో 1938 నాటి చట్టం ప్రకారం మిఠాయి లోపల తినడానికి పనికిరాని వస్తువు దాచకూడదు. అందుకే బొమ్మను లోపల పెట్టిన చాక్లెట్ గుడ్లను అక్కడ అమ్మనివ్వరు. అంత పాత చట్టానికి తట్టిన ఆలోచన ఇది!

"ఇదంతా ఎందుకమ్మా, ఇంట్లో చేసి పెట్టండి" అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. ఇచ్చేది ఎవరో చూడండి, పొయ్యి దగ్గర నించోనివాళ్లే ఎక్కువ. ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరే ఆడది ఎప్పుడు పిండి కలపాలి, ఎప్పుడు జంతికలు వత్తాలి? పైగా ఇంట్లో చేసిందల్లా అమృతమని నేననను. జంతికల్లోనూ నూనే, ఉప్పూ ఉంటాయి. సున్నుండలో బెల్లం తక్కువేం పడదు. తేడా ఒక్కటే. జంతికల డబ్బా మూత తీసిన పిల్లవాడు ఆకలైనంత తింటాడు, చాలనిపిస్తే మూతపెట్టి ఆడుకోవడానికి పోతాడు. ఇంకో జంతిక తింటే ఇంకో కార్డు వస్తుందని ఎవరూ వాడికి ఆశ పెట్టరు. డబ్బా మీద బొమ్మ ఉన్నా అది పాత బిస్కట్ డబ్బా కావడం వల్లే!

ఇక నాన్నల సంగతి కూడా అనుకోవాలి, ఎవరూ నొచ్చుకోకండి. రోజంతా "వద్దు నాన్నా, దగ్గొస్తుంది, అన్నం తినవు" అని అమ్మ బతిమాలి ఆపుతుంది. సాయంత్రం ఆయనగారు స్కూటర్ దిగుతూ జేబులోంచి రెండు ప్యాకెట్లు తీస్తారు. దాంతో నాన్న వరాలిచ్చే దేవుడు, అమ్మ లాక్కునే రాక్షసి. రాత్రి పిల్లవాడు అన్నం ముట్టకపోతే మాట పడేది ఎవరు? మళ్లీ అమ్మే. అత్తగారి ఊళ్లో తాతయ్య చేసేదీ ఇదే. అయిదు రూపాయల్లో మనవడి నవ్వు దొరుకుతుంటే ఆయన మాత్రం ఎందుకు వదులుకుంటాడు? కంపెనీలకు ఈ లెక్క బాగా తెలుసు. అందుకే ధర అయిదు, పది రూపాయల దగ్గర ఆపుతారు. కూలికి వెళ్లొచ్చే తల్లి కూడా కాదనలేని ధర అది. పిల్లవాడికి ఇంకేమీ కొనివ్వలేని ఇంట్లో ఆ ప్యాకెట్టే పండగ. ఆమెను తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల ప్రకారం చక్కెర రోజుకు 20 నుంచి 25 గ్రాములు మించకూడదు. అంటే సుమారు అయిదు చెంచాలు. పాలల్లో రెండు చెంచాలు వేశాక మిగిలిందెంత? పది గ్రాముల లాలీపాప్‌లో దాదాపు అంతా చక్కెరే. దానిమీద బొమ్మ ఉంటే ఒకటితో ఆగదు.

ప్రభుత్వం అసలేమీ చేయలేదనడం అన్యాయం. 2020లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి క్యాంటీన్లలో గానీ, గేటు నుంచి యాభై మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. 2022 జూన్‌లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పిల్లల చానెళ్లలో, పిల్లల కార్యక్రమాల మధ్య చిప్స్, కూల్‌డ్రింకుల్లాంటి వాటి ప్రకటనలు వేయకూడదంది. బాగుంది. కానీ ప్రకటన మధ్యలో రాకపోతేనేం? కార్యక్రమమే ప్రకటన అయినప్పుడు! అరగంట సేపు టీవీలో ఎగిరి దూకిన హీరో, సాయంత్రం కొట్లో ప్యాకెట్ మీద నించుంటాడు. వ్యాపారి పైసా ఖర్చు లేకుండా టీవీ వాడికి ప్రచారం చేసిపెట్టినట్టే. ఇంట్లో టీవీ కట్టేసినా పక్కింటి పిల్లవాడి సెల్‌ఫోన్ కట్టేయలేం కదా.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశం ఈ ముడి దగ్గరే చెయ్యి పెట్టింది. 2016 జూన్ నుంచి అక్కడ చక్కెర, ఉప్పు, కొవ్వు, క్యాలరీలు హద్దు మించిన సరుకు మీద ఎనిమిది కోణాల నల్లటి ముద్ర వేయాలి. ఆ ముద్ర పడ్డ ప్యాకెట్ మీద పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు ఉండకూడదు, లోపల ఆటవస్తువులూ ఇవ్వకూడదు. దశాబ్దాలుగా చక్కెర పూసిన కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద నించున్న టోనీ అనే పులి అక్కడ మాయమైపోయింది. తర్వాత మెక్సికో కూడా అదే దారి పట్టింది. ఎవరూ చాక్లెట్‌ని నిషేధించలేదు. కావలసినవాళ్లు కొనుక్కుంటున్నారు, తింటున్నారు. బొమ్మను మాత్రం తీసేశారు, అంతే.

మనం అడగాల్సింది కూడా అంతే. పిల్లలకు మిఠాయే ఇవ్వొద్దని కాదు. పుట్టినరోజుకో, మంచి మార్కులొచ్చినప్పుడో ఇవ్వని తల్లి ఎవరు? మిఠాయి మిఠాయిలా రావాలి, పిల్లవాడి స్నేహితుడి వేషం వేసుకుని రాకూడదు. బడిలో తల్లిదండ్రుల సమావేశాలకు మనమే కదా వెళ్లేది. పుట్టినరోజు నాడు తరగతి మొత్తానికి ఈ బొమ్మల ప్యాకెట్లు పంచే పోటీ ఆపుదామని అక్కడ ఒకరు నోరు విప్పితే, మిగిలినవాళ్లు "అమ్మయ్య" అనుకుంటారు. ఖర్చు చూసి గుండె గుభేలుమన్నవాళ్లే అందరూ. అలాగే ఆ యాభై మీటర్ల నిబంధన మీ పిల్లల బడి దగ్గర అమలవుతోందో లేదో ప్రధానోపాధ్యాయుల్ని అడగండి. అయితే ఒక్క మాట. గేటు దగ్గర దుకాణాలు తీయించమంటే ముందుగా గంప తీసుకెళ్లిపోవాల్సి వచ్చేది జామకాయలూ, రేగుపళ్లూ, ఉడకబెట్టిన పల్లీలూ అమ్ముకునే ముసలమ్మే. నిబంధన ఆమె కోసం కాదు. ఆమెను కూర్చోనివ్వమని కూడా మీరే చెప్పాలి.