సంస్థానములు పోయినవి, సాగుదారుని పేరేది?

2016 అక్టోబరులో వనపర్తి, గద్వాల జిల్లాలైనప్పటినుండి పాత సంస్థానముల చరిత్రపై మనవారికి మరల ఆసక్తి కలిగినది. సంతోషమే. కాని ఆ చరిత్రలలో వంశావళులు, బిరుదములే గాని పొలము దున్నినవాని ప్రస్తావన అరుదు.

వనపర్తినే చూతము. జనుంపల్లి వంశీయులు 124 గ్రామములను వంశపారంపర్యముగా ఏలిరి. నైజాముకు పేష్కషు చెల్లించుట, లోపల తమ కచేరీ, తమ పోలీసు, తమ న్యాయస్థానము; ఇదియే సంస్థానపు స్వరూపము. వీరు చేసిన మేలు మరువరాదు. సప్తసముద్రములని జనులు పిలుచు చెరువులు వీరివే. శ్రీరంగాపురమున రంగసముద్రము నేటికిని రంగనాయకస్వామి గుడి చెంత నిలిచియున్నది. వాన నమ్మరాని మెట్టసీమలో చెరువు కట్టించినవాడే రాజు! అయితే ఆ కట్టలకు మట్టి మోసినవారి పేర్లు ఎచ్చటను కానరావు.

రాజస్థానమున రాజపుత్ర జాగీరుల రద్దుకు చట్టము 1952లో వచ్చెను. హైదరాబాదులో అంతకు మున్నే, 1949 ఆగస్టు 15న, జాగీరుల రద్దు రెగ్యులేషను వెలువడెను. జాగీరను మాటలో పాయిగా, సంస్థానము, మఖ్తా, అగ్రహారము అన్నియు చేర్చబడెను. అధిపతులకు పరిహారము ముట్టెను. సాగుదారునికై 1950లో కౌలు చట్టము వచ్చెను. రక్షిత కౌలుదారుల జాబితాలు వ్రాయబడెను. 38-ఇ నిబంధన క్రింద కొందరికి యాజమాన్య పత్రములును లభించెను. చట్టము మంచిదే. కాని జాబితాలో పేరున్నవాడు పొలమునుండి తొలగింపబడుటయు, పొలములోనున్నవాని పేరు జాబితా కెక్కకపోవుటయు, రెండును జరిగినవి.

తరువాతి కథ మన యెదుటిదే. 2018లో ఆరంభమైన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చేరెను. 2020లో ధరణి రాగా, రికార్డులో అనుభవదారు గడియే మాయమయ్యెను. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చినది.

మా పాఠకులలో భూస్వాములు అనేకులు కలరు. కౌలుదారుని పేరు కాగితము కెక్కినచో భూమి చేజారునను భయము వారికున్నదని మేమెరుగుదుము. 1950 నాటి చట్టమును ఎరిగినవారి కా భయము సహజము. దానిని మేము పరిహసింపము. కావుననే యాజమాన్యముతో ముడిపడని కాగితము కావలెనని కోరుచున్నాము. ఉమ్మడి రాష్ట్రమున 2011లో చేసిన సాగుదారుల చట్టము అట్టిదే: భూమిపై హక్కు నీయదు, బ్యాంకు అప్పునకు, పంట నష్టపరిహారమునకు పనికివచ్చు గుర్తింపు కార్డు నిచ్చును, అదియు ఏడాదికి మాత్రమే. దీనివలన పట్టాదారునకు పోవునదేమి? క్రొత్త చట్టము వ్రాయ నక్కరలేదు. వానాకాలపు దుక్కులకు ముందే తహసీల్దారులు గ్రామ గ్రామమున కూర్చుండి, ఉభయుల సమక్షమున ఆ కార్డులు వ్రాయించిన చాలును.