వేలెత్తిన చేతితోనే సంతకం

చదువుకున్నవారు గద్దెనెక్కితే చాలు, దేశం బాగుపడుతుందని భారతీయ మధ్యతరగతి గట్టిగా నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారం వెతికేవారికి చిలీ మాజీ అధ్యక్షుడు రికార్డో లాగోస్ చక్కగా అక్కరకు వస్తాడు. అయితే ఆయన కథను సగంలోనే ఆపేయాలి.

ఆ మొదటి సగం నిజంగానే ఉజ్జ్వలమైనది. న్యాయశాస్త్ర విద్యార్థిగా లాగోస్ రాసిన పరిశోధన వ్యాసానికి విషయం, చిలీ ఆర్థికాధికారం గుప్పెడు మంది చేతుల్లో పోగుపడడం. 1966లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొంది, చిలీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. 1973లో అలెండీ ప్రభుత్వాన్ని సైన్యం కూల్చాక ప్రవాసం తప్పలేదు. తిరిగివచ్చిన తరువాత, 1988 ఏప్రిల్ 25న, టెలివిజన్ చర్చలో కెమెరాకేసి వేలు చూపి నియంత పినోచెట్‌ను నేరుగా నిలదీశాడు. హింసలు, హత్యలు చాలక ఇంకా ఎనిమిదేళ్లు పాలిస్తావా అని ఆయన అడిగిన తీరు చిలీ మరువలేదు. ఆ అక్టోబర్ 5న ప్రజలు నియంతకు ‘వద్దు’ అని చెప్పారు.

మరుసటి సంవత్సరం సెనేట్ ఎన్నికల్లో లాగోస్‌కు సుమారు 30 శాతం ఓట్లు వచ్చాయి, పినోచెట్ రాజ్యాంగ శిల్పి హైమే గుస్మాన్‌కు 17 శాతం. గెలిచింది గుస్మాన్! నియంతృత్వం మిగిల్చిపోయిన ఎన్నికల విధానపు మహిమ అది. ఆ విధానం 2015 దాకా రద్దు కాలేదు.

2000లో అధ్యక్షుడైన లాగోస్, 2005లో సవరించిన రాజ్యాంగంపై పినోచెట్ సంతకం స్థానంలో తన సంతకం పెట్టాడు. నియమిత సెనేటర్లు పోయారు. సైన్యాధిపతులను తొలగించే అధికారం అధ్యక్షుడికి తిరిగివచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. కానీ విద్యను, వైద్యాన్ని, పింఛన్లను మార్కెట్‌కు అప్పగించిన చట్రం అలాగే నిలిచింది. సంతకం మాత్రమే ప్రజాస్వామికమైంది.

పరిస్థితులు అనుకూలించలేదని ఆయన సమర్థకులు అంటారు. 1990ల విషయంలో ఆ మాట ఒప్పుకోవలసిందే. 1998 దాకా సైన్యాధిపతి పినోచెట్టే. మరి 2005 నాటి విద్యారుణ చట్టం సంగతేమిటి? బ్యాంకులు అప్పిస్తాయి, పూచీ ప్రభుత్వానిది, దాదాపు ఆరు శాతం వడ్డీ భారం విద్యార్థిది. విశ్వవిద్యాలయంలో జీవితం గడిపిన మనిషి, అందులోనూ ఒకప్పటి విద్యామంత్రి, ఇలాంటి చట్టం తేవడానికి ఏ జనరల్ కత్తి చూపాడు? వాణిజ్య ఒప్పందం ఇంకా చేతికందని 2003లోనే, ఇరాక్ యుద్ధానికి మద్దతు ఇవ్వబోనని వాషింగ్టన్‌కు చెప్పగలిగిన నాయకుడే ఆయన. గుప్పెడు మంది సంపదపై వ్యాసం రాసిన ఆ చేయి స్వదేశీ బ్యాంకర్ల ముందుకు వచ్చేసరికి ముడుచుకుపోయింది.

2011లో విద్యార్థులు లక్షలుగా వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది వడ్డీని రెండు శాతానికి దించింది ఏ సోషలిస్టో కాదు, మితవాది పిన్యేరా ప్రభుత్వం. 2017లో లాగోస్ మళ్లీ పోటీకి సిద్ధపడితే సొంత సోషలిస్టు పార్టీయే ఆయనను కాదని ఒక టెలివిజన్ పాత్రికేయుడిని ఎంచుకుంది. (పాత్రికేయులు మురిసిపోనక్కరలేదు, ఆయనా ఓడిపోయాడు.)

2019లో మెట్రో చార్జీ 30 పెసోలు పెరిగినప్పుడు చెలరేగిన జనం ‘30 పెసోలు కాదు, 30 ఏళ్లు’ అని నినదించారు. ఆ లెక్క మొదలయ్యేది పినోచెట్ దిగిపోయిన నాటి నుంచి. అందులో ఆరేళ్లు ఆచార్య లాగోస్‌వి.