ఎక్కించిన వేళ సరే, దించిన వేళ ఏదీ?



పెన్‌డ్రైవును తగిలించగానే కంప్యూటరు అందులోని ఫైళ్ళ వ్యవస్థను తనకు జతపరచుకొంటుంది. అది మౌంటు. ఆ ముడి విప్పడం అన్‌మౌంటు. యునిక్సు ఆజ్ఞలో ఈ రెండవ మాటకు నకారం లోపించి ‘యూమౌంట్’ అయింది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక ఆ లోపం కంట పడింది, క్షమించాను. క్షమించలేనిది వేరొకటి ఉన్నది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలలో సేద్యగాండ్ల నోట విన్న మాటలను పదకొండేండ్లు కూర్చుకొన్నాను. ఆ ఫైలు ప్రొద్దుటూరులో మా యింట పుట్టి, పెన్‌డ్రైవులో జమ్మలమడుగు డీటీపీ దుకాణానికీ, అక్కడినుండి పులివెందులలోని పూర్వవిద్యార్థి వద్దకూ వెళ్ళి, తిరిగి వచ్చింది. మా కంప్యూటరు ఒక్క వాక్యం పలికింది: దీనిని సరిగా అన్‌మౌంటు చేయలేదు, సమాచారం చెడి ఉండవచ్చు. తెరిచి చూస్తే ఫైలు శూన్యం!

“మేము పద్ధతిగానే తీసినాం సార్” అన్నారు జమ్మలమడుగువారు. “నేనూ అంతే అయ్యవారూ” అన్నాడు శిష్యుడు. పంపేనాడు నేను మాత్రం సరిగా తీశాననడానికి సాక్ష్యమేది? ఫ్యాట్ పద్ధతి డ్రైవులో ఉండేది ఒక్క గుర్తు. పని సాగుతుండగా పెట్టి, సక్రమంగా ముగిస్తే తుడిచేది. తప్పు జరిగిందని అది చెప్పగలదు. ఎప్పుడో, ఎక్కడో చెప్పలేదు.

“లాగేయండి సార్, ఏమీ కాదు” అనే పండితమ్మన్యులకు ఒక మాట. 2018లో విండోస్ 10లో 1809 కూర్పు నుండి త్వరగా తీసే పద్ధతే సహజమైన అమరిక అయింది, నిజమే. అది వ్రాతను వెనుక నిలిపి ఉంచడాన్ని తగ్గిస్తుంది. వ్రాస్తున్న చేతినే లాగివేస్తే అది ఏ అక్షరాన్ని కాపాడగలదు?

యంత్రానికి లెక్క వ్రాయడం రాదా అంటే, వచ్చు. ఎక్స్‌ట్4 పద్ధతి డిస్కు తనను చివరిసారి మౌంటు చేసిన వేళనూ, చివరి తనిఖీ తరువాత ఎన్నిసార్లు చేశారో ఆ సంఖ్యనూ తనలోనే దాచుకొంటుంది. లినక్సు డెస్క్‌టాపులలో యూడిస్క్స్ అనే సేవ ఏ డ్రైవును ఏ వాడుకరి తరఫున మౌంటు చేసిందో, ఎప్పుడు విప్పిందో చిట్టాలో వ్రాస్తుంది. కాని ఆ చిట్టా ఆజ్ఞలు తెలిసినవారికే కనబడుతుంది. సామాన్యునికి ఆ లెక్క ఉన్నా లేనట్లే.

మా బడి గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చిన తేదీ వ్రాసి, తిరిగి వచ్చిన తేదీ వ్రాయకపోతే తనిఖీ అధికారి ఊరుకొనేవాడా? ఎక్కిన వేళ, దిగిన వేళ, సక్రమమో అక్రమమో తగిలించగానే తెర మీద తెలుగులో కనబడాలి. దుకాణాలవారు ఆ చిట్టాను తుడిచివేయరాదు. నేను కోరేది ఇంతే.

అందాకా నా సంచిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది: తేదీ, ఊరు, తగిలించిన వేళ, తీసిన వేళ. కుర్రవాళ్ళు నవ్వుతున్నారు. నవ్వనిండి. ఆ మాటలు మళ్ళీ అడుగుదామని పల్లెలకు వెళ్ళాను. చెప్పినవారిలో కొందరు ఇప్పుడు లేరు.