జట్టు ఎవరి సొత్తు?

ఆటలో నైపుణ్యం క్రీడాకారులది; ఆనందవిషాదాలు ప్రేక్షకులవి; ఆస్తి మాత్రం యజమానిది. ఈ మూడింటి నడుమ సమతూకం తప్పితే క్రీడ కేవలం వ్యాపారంగా మిగిలిపోతుంది. కెనడా దేశంలోని టొరంటో నగరంలో దాదాపు నూరేళ్లుగా సాగుతున్న ఒక క్రీడాసంస్థ చరిత్ర ఇందుకు చక్కని తార్కాణం.

1927లో కాన్ స్మైత్ మరికొందరితో కలిసి ఆ నగరపు ఐస్ హాకీ జట్టును కొని, దానికి ‘మేపుల్ లీఫ్స్’ అని నామకరణం చేశాడు. మేపుల్ ఆకు కెనడీయులకు ఆత్మీయమైన చిహ్నం. ఆర్థికమాంద్యం ప్రపంచాన్ని కుంగదీస్తున్న 1931లో ఆయన జట్టు కోసం ఒక విశాలమైన క్రీడాభవనాన్ని తలపెట్టాడు. చాలినంత ధనం సమకూరలేదు. అప్పుడు నిర్మాణ కార్మికులు తమ వేతనంలో కొంత భాగాన్ని సంస్థ వాటాల రూపంలో స్వీకరించడానికి అంగీకరించారు. సుమారు ఐదు నెలల్లో ‘మేపుల్ లీఫ్ గార్డెన్స్’ లేచి నిలిచింది. నవంబరు 12న అందులో తొలి ఆట జరిగింది. ఇటుకలు పేర్చిన చేతులకే వాటా దక్కిన భవనమది.

1961లో సంస్థపై ఆధిపత్యం స్మైత్ కుమారుడు స్టాఫర్డ్‌కు, ఆయన భాగస్వాములకు సంక్రమించింది. 1962 మొదలు 1967 వరకు జట్టు నాలుగుసార్లు స్టాన్లీ కప్ గెలిచింది. 1972లో భాగస్వాములలో ఒకడైన హారొల్డ్ బల్లార్డ్ సర్వాధికారి అయ్యాడు. మోసం, దొంగతనం నేరాలపై న్యాయస్థానం ఆయనకు శిక్ష విధించింది కూడా ఆ ఏడాదే. 1990లో ఆయన మరణించేవరకు జట్టుకు ఒక్క కప్పూ దక్కలేదు. అయినా అభిమానులు జట్టును విడువలేదు.

తరువాత సంస్థ విస్తరించింది. 1998లో ‘రాప్టర్స్’ అనే బాస్కెట్‌బాల్ జట్టును, దాని కోసం నిర్మాణంలో ఉన్న క్రీడాభవనాన్ని కొన్నది. 1999లో హాకీ జట్టు కూడా అక్కడికే తరలింది. ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి 2003 నాటికి సంస్థలో అధిక వాటాదారు అయింది. 2012లో ఆ నిధి తన సుమారు 80 శాతం వాటాను 132 కోట్ల కెనడా డాలర్లకు బెల్, రోజర్స్ అనే టెలికాం సంస్థలకు అమ్మింది. 2025లో బెల్‌కున్న 37.5 శాతం వాటా కోసమే రోజర్స్ 470 కోట్ల డాలర్లు చెల్లించింది.

పెట్టుబడి లేనిదే భవనాలు లేవవు, మేటి క్రీడాకారులు రారు అన్నది నిజమే. 2019లో రాప్టర్స్ సాధించిన ఎన్‌బీఏ విజేత స్థానం ఈ సంస్థ ఘనతే. కాని సంస్థ విలువ ఇన్ని రెట్లు పెరిగినా, 1967 తరువాత 2025 వరకు హాకీ కప్పు ఆ నగరం ముఖం చూడలేదు. మరి ఆ విలువ ఎక్కడిది? సబ్బు నచ్చకపోతే కొనుగోలుదారు మరో సబ్బు కొంటాడు. జట్టు ఓడిపోయిందని అభిమాని మరో నగరపు జట్టును ఆశ్రయించడు. తాత నుండి మనుమడికి సంక్రమించే ఆ మమకారమే సంస్థకు అసలైన మూలధనం. దానిపై లాభం గడించేవాడు యజమాని మాత్రమే కాదు, ధర్మకర్త కూడా.

ఇది అసాధ్యమైన ఆదర్శం కాదు. పొరుగున ఉన్న అమెరికాలో గ్రీన్ బే అనే చిన్న నగరపు ఫుట్‌బాల్ జట్టు ‘ప్యాకర్స్’ 1923 నుండి ప్రజల వాటాలతోనే నడుస్తున్నది. వాటాదారులకు లాభాలు పంచరు. అయినా ఆ జట్టు 13 సార్లు లీగ్ విజేతగా నిలిచింది.

టొరంటోలోని పాత భవనంలో నేడు ఒక కిరాణా విపణి, ఒక విశ్వవిద్యాలయపు క్రీడాకేంద్రం ఉన్నాయి. ఒకనాటి క్రీడాస్థలి నడిబొడ్డు ఎక్కడో తెలిపే ఎర్రని చుక్క సరుకుల వరుసల మధ్య నేలపై కనబడుతుంది. భవనాలు చేతులు మారవచ్చు, వాటాలు అమ్ముడుపోవచ్చు. ప్రజల అభిమానాన్ని మాత్రం ఎవరూ కొనలేరు. దానికి పాత్రులు కావలసిందే.