సొనలోనే కాపలా

విజయవాడ దగ్గరి నున్న మార్కెట్లో దిగిన బంగినపల్లి కాయ ఆకుపచ్చగా, ఒక్క మచ్చ లేకుండా కనిపిస్తుంది. మాగిన కొద్ది రోజులకే దాని మీద నల్ల మచ్చలు లేస్తాయి. ముచ్చిక దగ్గర మొదలైన కుళ్లు కిందికి పాకుతుంది. కొన్నవాళ్లు వ్యాపారిని తప్పుపడతారు. వ్యాపారి లారీ ఆలస్యాన్నో, ఎండనో తిట్టుకుంటాడు. కానీ మచ్చ తెగులు శిలీంధ్రం చాలావరకు తోటలోనే, పూత, పిందె దశల్లోనే కాయను పట్టుకుంటుంది. కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లూ తొక్కలో కదలకుండా పడి ఉంటుంది. దాన్ని కదలనివ్వనిది ఆ కాయే.

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డోవ్ ప్రస్కీ బృందం 1980ల్లో అవకాడో తొక్కలో శిలీంధ్రాన్ని అణచి ఉంచే పదార్థాన్ని గుర్తించింది. కాయ పండేకొద్దీ అది తగ్గిపోతుంది, అణగి ఉన్న తెగులు లేస్తుంది. మామిడి తొక్కలోని రెసార్సినాల్స్ అనే పదార్థాలూ ఇంతే. శ్రీలంకలో మామిడి సొన మీద జరిగిన పరిశోధనలు మరో సంగతి తేల్చాయి. సొనలో ఉండే చిటినేజ్ ఎంజైములు శిలీంధ్రం కణాల గోడను కరిగిస్తాయి. ఆ సొనే తొక్క మీద పడితే కాలుస్తుంది, కాయ ధర పోతుంది. లోపల ఉన్నంతసేపు మాత్రం కాపలా కాస్తుంది. అందుకే కాయను కాస్త కాడతో కోయాలి. గెడతో రాల్చి, నేల మీద పడేసి, ముచ్చిక చిరిగిన కాయకు తర్వాత ఎంత ఖరీదైన పూత పూసినా ఫలితం అంతంతమాత్రమే.

కాయ తనంతట తాను చేసుకునే ఈ పనికి వేరే మొక్కల నుంచి తోడు తేవడమే నేటి పరిశోధనల దారి. ఆ మొక్కలు మన వంటింటికి కొత్తవి కావు. వాములో థైమాల్, లవంగంలో యూజెనాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ఉంటాయి. ఇవి శిలీంధ్ర కణం పైపొరలోని కొవ్వులోకి చొరబడి దానికి చిల్లులు పొడుస్తాయి. చాలాసార్లు ద్రావణంలో ముంచనక్కరలేదు, ఆవిరి తగిలినా చాలు.

చిక్కంతా మోతాదులో ఉంది. ఎక్కువైతే తొక్క కమిలిపోతుంది, పండుకు వాము వాసన పడుతుంది. ఆ వాసన పట్టిన మామిడిని ఎవరు తింటారు? కాబట్టి నూనెను నేరుగా పూయకుండా ఏదైనా పూతలో కలిపి, కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేస్తున్నారు. మలేసియా పరిశోధకులు 2011లో అరబిక్ బంక ద్రావణంలో 0.4 శాతం దాల్చిన నూనె కలిపి అరటి, బొప్పాయి పళ్లకు పూస్తే శీతల నిల్వలో మచ్చ తెగులు బాగా తగ్గింది.

కలబంద సంగతి ఇంకా ఆశాజనకం. స్పెయిన్‌లో 2005లో ద్రాక్ష గుత్తులను కలబంద గుజ్జులో ముంచి 1 డిగ్రీ సెల్సియస్ దగ్గర నిల్వచేశారు. ముంచనివి 7 రోజులకే పాడవడం మొదలైతే, ముంచినవి 35 రోజుల దాకా నిలిచాయి. ఆ పూత పండులోని నీటిని ఆవిరి కానివ్వదు, శ్వాసను నెమ్మదింపజేస్తుంది, గుత్తి కాడను ఎండనివ్వదు. మన పొలం గట్ల మీద పెరిగే మొక్క ఇది.

పచ్చగడ్డి కోసినప్పుడు వచ్చే వాసనలో హెక్సనల్ ఉంటుంది. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో గోపినాధన్ పాలియత్, ఆయన సహచరులు దీన్ని పండ్ల నిల్వకు వాడే పద్ధతి రూపొందించారు. కణాల పొరలను శిథిలం చేసే ఫాస్ఫోలైపేజ్-డి ఎంజైమును హెక్సనల్ అడ్డుకుంటుంది, పండు మెత్తబడటం ఆలస్యమవుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీన్ని మామిడి తోటల్లో పరీక్షించింది. చెట్టు మీదే కాయ మరికొన్నాళ్లు నిలిస్తే, అందరి సరుకూ ఒకేసారి మార్కెట్లో పడి ధర కూలే బాధ తప్పుతుంది. మామిడి రైతుకు ఆ కొన్నాళ్లే లాభనష్టాలను తేలుస్తాయి.

నష్టం చిన్నది కాదు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015 అధ్యయనం ప్రకారం కోత నుంచి అమ్మకం దాకా మామిడిలో 9.16 శాతం, జామలో 15.88 శాతం పోతోంది. అలాగని మొక్క నుంచి వచ్చింది కాబట్టి ఎంత పూసినా హాని లేదనుకోవడం తప్పు. కాయలను మాగబెట్టే కార్బైడ్‌పై నిషేధం ఉన్నా మార్కెట్లో దాని భయం పోలేదు. అలాంటి చోట కొత్త పూతల మీద నమ్మకం కుదరాలంటే పండుకు ఏది పూశారో డబ్బా మీద తెలుగులో రాయాలి. మైనం పూసిన పండుకు ఆ మాట చెప్పాలన్న నిబంధన ఇప్పటికే ఉంది, దాన్ని గట్టిగా అమలు చేయాలి.

వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు నున్న, జగిత్యాల, కొల్లాపూర్ సరుకు మీదే ఈ పరీక్షలు జరపాలి. ఏ నూనె, ఎంత పాళ్లలో, కిలోకు ఎంత ఖర్చుతో, ఎన్ని రోజుల నిల్వకు పనికొస్తుందో తేల్చి వచ్చే కోతలకు ముందే రైతు చేతికి ఇవ్వాలి. అది అందేలోపు రైతులు కాయను కాడతో కోసి, నేల తగలనివ్వకుండా నీడకు చేర్చాలి.